దత్తత, అమ్మతనం: టీనేజ్ పాఠకుల కోసం నవల రాసే పద్ధతి

దత్తత మీద టీనేజ్ పిల్లల నవల రాయాలనుకునేవారు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. నిజం ఎక్కడ బయటపెట్టాలి? కన్నతల్లిని ఎలా చూపించాలి? పెంచిన అమ్మను చెడ్డదాన్ని చెయ్యకుండా గొడవ ఎలా పుట్టించాలి? చివర్లో కలపాలా, వద్దా?

వీటికి జవాబులు దొరికేది కథ అల్లేటప్పుడు కాదు, అంతకుముందు చేసుకునే పనిలో. దత్తత కథను నడిపించేది ఎవరికి ఏం తెలుసు, ఎప్పటినుంచి తెలుసు, ఎందుకు చెప్పలేదు అన్న లెక్క. ఆ లెక్క సరిగ్గా వేసుకుంటే సన్నివేశాలు వాటంతట అవే వస్తాయి. వేసుకోకపోతే నూరో పేజీ దగ్గర కథ ఆగిపోతుంది, దాన్ని కదపడానికి ఎవరినో ఒకరిని చంపాల్సి వస్తుంది.

కింది వరుసలోనే పని చెయ్యండి. మొదటి మూడు మెట్లకు కనీసం నెల రోజులు పెట్టుకోండి.

## 1. ఎవరు చెబుతున్నారో తేల్చుకోండి

ఈ కథలోకి నాలుగు వాకిళ్లున్నాయి.

- దత్తత వచ్చిన పదిహేను, పదహారేళ్ల అమ్మాయి లేదా అబ్బాయి
- గర్భవతి అయి, బిడ్డను పెంచాలా, దత్తత ఇవ్వాలా అని తేల్చుకోవాల్సిన టీనేజ్ అమ్మాయి
- బిడ్డను తనే పెంచుకుంటానని నిలబడ్డ టీనేజ్ తల్లి
- ఇంట్లోకి ఒక బిడ్డ దత్తత వస్తుంటే చూస్తున్న అక్క లేదా అన్న

ఒక్కటే ఎంచుకోండి. ఒక అధ్యాయం కూతురిది, ఒక అధ్యాయం కన్నతల్లిది అని రెండు గొంతులతో రాయాలని చాలామందికి అనిపిస్తుంది. తొలి నవలకు అది వద్దు. కన్నతల్లి మనసులో ఏముందో పాఠకులకు రెండో అధ్యాయంలోనే తెలిసిపోతే కూతురి వెతుకులాటలో పట్టు పోతుంది. రెండో గొంతు తప్పదనుకుంటే కన్నతల్లిని కాన్పు నాటి వయసులోనే, పదహారు పదిహేడేళ్ల పిల్లగానే మాట్లాడించండి. ముప్పై దాటిన గొంతు వినిపించిన పేజీల్లో నవల పెద్దవాళ్లదైపోతుంది.

ఎటూ తేలకపోతే ఒకే సన్నివేశాన్ని, ఉదాహరణకు పాత ఫైలు దొరికిన సాయంత్రాన్ని, ఇద్దరు ముగ్గురి వైపు నుంచి మూడేసి వందల మాటల్లో రాసి చూడండి. రాస్తున్నప్పుడు ఎవరి దగ్గర మీకు ఎక్కువ ప్రశ్నలు పుట్టాయో వాళ్లే కథకులు. జవాబులు ఎక్కువగా దొరికినవాళ్లు కాదు.

ఈ రచనలో అన్నిటికంటే కష్టమైన చిక్కు ఇక్కడే ఉంది. టీనేజ్ నవలలో మలుపులు టీనేజర్ చేతిలో ఉండాలి. దత్తతలోనేమో నిర్ణయాలన్నీ పెద్దవాళ్లవి, కాగితాలవి, కోర్టువి. అందుకే పదహారేళ్ల పిల్ల చెయ్యగలిగిన పనులేమిటో ముందే రాసుకోండి: ఫైలు చూపించమని అడగొచ్చు, ఉత్తరం రాసి పంపకుండా ఉంచుకోవచ్చు, కలవనని చెప్పొచ్చు, స్నేహితురాలికి చెప్పొచ్చు, ఎవరిని ఏమని పిలవాలో తనే తేల్చుకోవచ్చు, దొరికిన ఫోన్ నంబరును చించేయొచ్చు. ఇలాంటివి పన్నెండు పోగుచెయ్యండి. నవలలోని ప్రతి పెద్ద మలుపూ ఈ పన్నెండింటిలో ఒకదానితోనే తిరగాలి.

## 2. దత్తత రకం, దేశం, సంవత్సరం

బంధువుల మధ్య దత్తత, సంస్థ ద్వారా దత్తత, సవతి తల్లి లేదా తండ్రి చేసుకునే దత్తత, తాత్కాలిక సంరక్షణ నుంచి దత్తతగా మారినది, ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లినది: వీటిలో ఏదో ఒకటి తేలాలి. కన్న కుటుంబంతో రాకపోకలు ఉండే బహిరంగ దత్తతా, పేర్లు కూడా తెలియని మూసిన దత్తతా అన్నదీ తేలాలి. బంధువుల దత్తతలో కన్నతల్లి ప్రతి పెళ్లిలోనూ ఎదురవుతుంది, మూసిన దత్తతలో ఆమె ఒక ఖాళీ గడి. రెండూ ఒకే కథ కావు.

తరవాత చట్టం. దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కథను నేరుగా తాకే అంశాలు కొన్ని:

- దేశాల మధ్య దత్తతపై 1993 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం, తల్లి సమ్మతి అవసరమైన చోట అది బిడ్డ పుట్టాకే ఇవ్వాలి. గర్భంతో ఉండగా సంతకం పెట్టించుకునే సన్నివేశం ఆ ఒప్పందం వర్తించే కథలో నిలవదు.
- ఇంగ్లండ్‌లో బిడ్డకు ఆరు వారాలు నిండకముందు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదు.
- భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది.
- అమెరికాలో ఈ గడువులు రాష్ట్రానికో రకం.
- ఇంగ్లండ్‌లో 18 ఏళ్లు నిండిన దత్తత సంతానం తన తొలి జనన ధ్రువపత్రం అడిగి తీసుకోవచ్చు.
- 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 7వ అధికరణం, వీలైనంతవరకు తన తల్లిదండ్రులెవరో తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందంటుంది.

ఈ గడువులను అడ్డంకులుగా చూడకండి. అరవై రోజుల గడువంటే అరవై రోజుల కథ. యాభై ఎనిమిదో రోజు రాత్రి ఆ అమ్మాయి ఏం చేస్తోంది? అలాగే పద్దెనిమిది నిండాలన్న నియమం ఉన్నచోట మీ కథానాయికకు పదిహేడేళ్ల పది నెలలు పెట్టండి. ఆ రెండు నెలల్లో ఆమె ఆగుతుందా, దొంగదారి వెతుకుతుందా?

కాలమూ ముఖ్యమే. కథ నడిచే సంవత్సరం, అమ్మాయి పుట్టిన సంవత్సరం, అప్పటి చట్టం, మూడూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

చూసుకోవాల్సినవి:

- ఫైల్లో ఏమేం కాగితాలున్నాయి, వాటి మీద ఏ పేర్లున్నాయి?
- బిడ్డకు మొదట పెట్టిన పేరేమిటి, మార్చిందెవరు?
- అప్పగించిన రోజుకు, కొత్త ఇంటికి వచ్చిన రోజుకు మధ్య బిడ్డ ఎక్కడుంది, ఎవరు ఎత్తుకున్నారు?
- కన్నతండ్రికి తెలుసా? సంతకం చేశాడా?
- తోబుట్టువులున్నారా?

మూడో ప్రశ్నను వదిలేసేవారే ఎక్కువ. నాలుగు నెలలు ఒక ఆయా చేతుల్లో పెరిగిన బిడ్డకు ఆమె కూడా ఒక అమ్మే. కథలో అలాంటి మనిషి ఒకరు దొరికితే పోగొట్టుకోవద్దు.

## 3. ఎవరికి ఏం తెలుసు: పట్టిక

అసలు పని ఇది. ఒక పెద్ద కాగితం తీసుకోండి. నిలువు గడుల్లో మనుషులు: కథానాయిక, పెంచిన అమ్మ, నాన్న, కన్నతల్లి, అమ్మమ్మ, స్నేహితురాలు. అడ్డ వరుసల్లో నిజాలు, పది నుంచి పన్నెండు. ప్రతి గడిలో మూడు విషయాలు రాయాలి: తెలుసా, ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు.

ఒక్క వరుస చూద్దాం. కథానాయిక పేరు నీరజ అనుకోండి, వయసు పదహారు. నిజం: "నీరజకు అయిదేళ్లు వచ్చేదాకా కన్నతల్లి ఏడాదికో ఉత్తరం పంపింది."

- పెంచిన అమ్మ: తెలుసు. అయిదు ఉత్తరాలూ చదివింది, దాచింది. ఆరోది రాలేదని ఊపిరి పీల్చుకుంది, అలా పీల్చుకున్నందుకు సిగ్గుపడింది.
- నాన్న: మొదటిది చూశాడు. మిగతావి రాలేదనుకుంటున్నాడు.
- అమ్మమ్మ: తెలుసు. "ఇప్పుడెందుకులే" అన్నది ఆవిడే.
- కన్నతల్లి: పంపింది. అవి బిడ్డకు చేరుతున్నాయనే అనుకుంది. జవాబు రాకపోవడంతో ఆపేసింది.
- నీరజ: తెలియదు. తనను ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదనుకుంటోంది.

ఈ వరుసలో మూడు సన్నివేశాలు అప్పుడే తయారుగా ఉన్నాయి: నాన్నకు తెలిసే రోజు, నీరజకు తెలిసే రోజు, చేరలేదని కన్నతల్లికి తెలిసే రోజు. ఇక్కడ దుర్మార్గులు ఎవరూ లేరు. గొడవ మాత్రం బోలెడంత ఉంది. పెంచిన అమ్మను చెడ్డది చెయ్యకుండా గొడవ ఎలా అని అడిగేవారికి దారి ఇది: ఆమెకు ఒక్క తప్పు ఇవ్వండి, ఆ తప్పుకు భయాన్ని కారణం చెయ్యండి.

పట్టికలో అరవై డెబ్బై గడులు వస్తాయి. నవల మొత్తంలో ఎనిమిది నుంచి పది గడులు మారితే చాలు. అంతకు మించితే ప్రతి అధ్యాయమూ ఒక రహస్యం పేలే టపాకాయ అవుతుంది.

"నువ్వు దత్తత" అన్న నిజం ఎప్పుడు తెలియాలి? ఈ రంగంలో పనిచేసేవారు ఇప్పుడిచ్చే సలహా, మాటలు నేర్చే వయసు నుంచే చెబుతూ రమ్మని. కాబట్టి ఇప్పటి కథలో పదహారేళ్ల పిల్లకు తెలియదంటే దానికి గట్టి కారణం కావాలి. మూడు నాలుగేళ్ల పిల్లలు తమ దత్తత కథను పాటలా అప్పజెప్పగలరు. అందులో ఒక పోగొట్టుకోవడం కూడా ఉందని అర్థమయ్యేది బడి వయసులో, ఆరేడేళ్లు దాటాక. తెలిసి పెరిగిన పిల్ల పన్నెండేళ్లకో పద్నాలుగేళ్లకో ఒక్కసారిగా మౌనంగా మారిపోవడం అందుకే నమ్మేలా ఉంటుంది.

ఆలస్యంగా తెలిసే కథే రాస్తున్నట్లయితే ఆ నిజాన్ని మొదటి పాతిక శాతంలోనే బయటపెట్టండి. చివర్లో పేల్చడానికి దాచకండి. పాఠకులు దాన్ని మొదటి అధ్యాయంలోనే పసిగడతారు. పైగా తెలిసిన మర్నాటి నుంచి ఆ పిల్లను తినేసే ప్రశ్న "నేను ఎవర్ని" అన్నదొక్కటే కాదు. "ఇంకా ఎవరెవరికి తెలుసు" అన్నది. పక్కింటి వాళ్లకు, పిన్నికి, బడి రిజిస్టరులో పేరు రాసిన వాళ్లకు తెలిసి తనకు తెలియకపోవడం. ఆ నొప్పికి వంద పేజీలు కావాలి.

## 4. ఇద్దరు తల్లులనూ ఒళ్లూ మనసూ ఉన్న మనుషుల్ని చెయ్యండి

కన్నతల్లిని చాలా నవలలు కిటికీ దగ్గర కన్నీళ్లతో వదిలేస్తాయి. ఆమెకు శరీరం ఉంది. బిడ్డ పక్కన లేకపోయినా కాన్పయిన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపు పాలు వస్తాయి. రొమ్ములు రాయిలా బిగుస్తాయి, జ్వరం వచ్చినట్టుంటుంది. ఎక్కడో ఎవరి బిడ్డో ఏడిస్తే జాకెట్టు తడుస్తుంది. రక్తస్రావం కొన్ని వారాలు, ఒక్కోసారి ఆరు వారాల దాకా, సాగుతుంది. అంటే పరీక్ష రాయడానికి బెంచీ మీద కూర్చున్న అమ్మాయి లోపల ఇవన్నీ జరుగుతున్నాయి. పక్కనున్నవాళ్లకు తెలియదు. కాన్పు మీద రెండు అధ్యాయాలు రాసి, ఆ తరవాతి ఆరు వారాలను ఒక్క వాక్యంలో దాటేయడం ఈ తరహా నవలల్లో పెద్ద లోటు.

గర్భం లెక్కలు తప్పకూడదు.

- నలభై వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. నెల తప్పిందని గమనించేసరికే నాలుగు వారాలు దాటి ఉంటాయి.
- తొలి కాన్పులో బిడ్డ కదలిక సాధారణంగా 18–20 వారాలకు తెలుస్తుంది. మూడో నెలలో తన్నించకండి.
- 20–24 ఏళ్లవారితో పోలిస్తే 10–19 ఏళ్ల తల్లులకు గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం), కాన్పు తరవాత ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. డాక్టరు మాటల్లో ఆ జాగ్రత్త వినిపించాలి.
- పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. టీనేజ్ తల్లి బిడ్డను పెంచే కథలో ఆ రాత్రుళ్లను లెక్కపెట్టి రాయండి.
- ఎదుటి మనిషిని చూసి నవ్వడం సుమారు ఆరు వారాలకు మొదలవుతుంది. పది రోజుల బిడ్డ అమ్మను చూసి నవ్వదు.
- కొత్తవాళ్లను చూసి బెదరడం ఎనిమిది తొమ్మిది నెలలకు బాగా కనిపిస్తుంది. పది నెలల వయసులో దత్తత వచ్చిన బిడ్డ రాత్రంతా ఏడిస్తే అది తన ఆయా కోసం.

పెంచిన అమ్మకూ ఇంతే శ్రద్ధ కావాలి. ఇల్లు చూడటానికి అధికారులు వచ్చినప్పుడు అలమరాలు సర్దుకున్న రోజు, ఫోన్ కోసం నెలల తరబడి చూసిన ఎదురుచూపు, బిడ్డ చేతికొచ్చాక ప్రేమ వెంటనే పొంగకపోతే పడే భయం. దత్తత తరవాతి దిగులు నిజంగా ఉన్నదే. "ఎత్తుకోగానే నా బిడ్డే అనిపించింది" అన్న వాక్యం కొందరి విషయంలో నిజం. మీ పాత్రకు నిజమో కాదో మీరు తేల్చాలి.

ఒక్కో తల్లికి ఒక పేజీ రాసుకోండి: ఆమె దేన్ని పోగొట్టుకుంటానని భయపడుతోంది, ఏ పని చక్కగా చేస్తుంది, ఏ ఒక్క తప్పు చేసింది, దాన్ని తనకు తాను ఎలా సమర్థించుకుంటుంది. కన్నతండ్రికి కనీసం అర పేజీ.

పిల్ల మనసు గీసుకోవడానికి ఒక పనిముట్టు ఉంది. 1982లో అమెరికాలో దత్తత రంగంలో పనిచేసే డెబొరా సిల్వర్‌స్టైన్, షారన్ కాప్లాన్ దత్తతలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఏడు అంశాలు గుర్తించారు: నష్టం, తిరస్కారం, తప్పుచేసిన భావనా సిగ్గూ, దుఃఖం, నేనెవరన్న ప్రశ్న, దగ్గరితనం, అదుపు. ఏడూ ఒకే పిల్ల మీద మోపకండి. రెండు ఎంచుకోండి. "అదుపు" ఎంచుకుంటే ఆ పిల్ల పుస్తకాలను ఒక వరుసలో సర్దుకుంటుంది, వరుస చెదిరితే కోపం వస్తుంది. ఆ కోపానికి కారణం నవల చెప్పాల్సిన పని లేదు.

## 5. మాటలు: తెలుగులో ఇక్కడే నవల గెలుస్తుంది, ఓడుతుంది

"పెంపుడు కూతురు" అని రాసే ముందు ఆగండి. పెంపుడు కుక్కలో ఉన్నదీ ఆ మాటే. పదహారేళ్ల పిల్లకు అది తట్టకుండా ఉండదు. "అసలు అమ్మ", "సొంత అమ్మ" అంటే రెండో అమ్మ ఏమైనట్టు? కథనంలో "కన్నతల్లి", "అమ్మ" అని ఉంచి, ఈ గుచ్చుకునే మాటలను పాత్రల నోట మాత్రమే పలికించండి. ఎవరు ఏ మాట వాడతారో ముందే జాబితా రాసుకోండి: అమ్మమ్మ "కన్నది" అంటుంది, నాన్న "ఆవిడ" అంటాడు, తరగతిలో ఎవరో "మీ అసలమ్మ" అంటారు.

క్రియలు ఇంకా సూక్ష్మం. "ఇచ్చింది" అంటే సంగతి. "ఇచ్చేసింది" అంటే వదిలించుకుంది. "ఇవ్వాల్సొచ్చింది" అంటే వెనక ఎవరో నిలబడి ఉన్నారు. కోపంలో ఉన్న పిల్ల తొలి అధ్యాయాల్లో "ఇచ్చేసింది" అనొచ్చు, ఇరవయ్యో అధ్యాయంలో ఎవరూ దిద్దకుండానే "ఇవ్వాల్సొచ్చింది" అనొచ్చు. మారిన మనసుకు అంతకంటే వివరణ అక్కర్లేదు. "పెంచింది", "పెంచుకుంది" కూడా ఇలాంటివే. మొదటిదాంట్లో బిడ్డ అవసరం ఉంది, రెండోదాంట్లో అమ్మ అవసరమూ ఉంది.

"మా" అన్న మాట. ఇద్దరు పిల్లలున్న ఇల్లు. ఒకరు కన్న బిడ్డ, ఒకరు దత్తత. రోజూ ఇద్దరూ "అమ్మ" అనే అంటారు, ముందు ఏమీ చేర్చరు. గొడవలో చెల్లెలు "మా అమ్మను ఏమీ అనకు" అంది. ఒక్క అక్షరం. అక్కడ పేజీ ఆపేయండి. ఆ "మా"కు వివరణ రాశారంటే చెడగొట్టినట్టే.

ఇక నువ్వు, మీరు. కన్నతల్లిని మొదటిసారి కలిసిన పిల్ల ఏదో ఒకటి ఎంచుకోకుండా తెలుగులో నాలుగు వాక్యాలు మాట్లాడటం కష్టం. "నువ్వు" అంటే దగ్గరైనట్టు, "మీరు" అంటే దూరం పెట్టినట్టు. తప్పించుకునే దారులున్నాయి, భయపడ్డ మనుషులు వాటినే వాడతారు: "మంచినీళ్లు కావాలా?", "దారి తెలిసిందా?", "బయట ఎండగా ఉంది." మనిషి జాడ క్రియలో తేలని వాక్యాలివి. అలాంటి పది వాక్యాలు ముందే పోగేసుకోండి. కలిసే సన్నివేశానికి అవి కావాలి.

## 6. అధ్యాయాల వరుస

మొదటి నవలకు 45,000 మాటలు, 30 అధ్యాయాలు, ఒక్కోటి 1,500 మాటల చొప్పున పెట్టుకుంటే అదుపులో ఉంటుంది.

1. 1–7: మామూలు ఇల్లు, మామూలు బడి. మూడో అధ్యాయంలోగా పట్టికలో మొదటి గడి మారాలి.
2. 8–15: వెతుకులాట. ఒక తప్పుదారి తప్పనిసరి.
3. 16–19: మొదటి జవాబు, కలయిక.
4. 20–26: కలయిక తరవాత.
5. 27–30: పిల్ల తీసుకునే నిర్ణయం, దాని వెంటనే వచ్చే ఫలితం.

కలయికను చివరికి నెట్టకండి. అరవై శాతం దగ్గరే పెట్టండి. నిజజీవితంలోనూ కలిసిన కొత్తలో రోజంతా మెసేజ్‌లు, పొంగులు ఉంటాయి. కొన్ని వారాలకు ఎవరో ఒకరు వెనక్కి తగ్గుతారు. ఆ వెనకడుగు కథకు దొరికే గొప్ప సరుకు. కలిసి ఏడ్చిన పేజీతో ముగిస్తే అదంతా బయటే ఉండిపోతుంది.

వెతుకులాటలో డీఎన్‌ఏ పరీక్ష వాడుతుంటే లెక్క తెలిసి వాడండి. ఒక తల్లి లేదా ఒక తండ్రి మాత్రమే ఉమ్మడిగా ఉన్న తోబుట్టువుతో సుమారు 25 శాతం కలుస్తుంది. అవ్వ తాతలతోనూ, మేనత్త మేనమామలతోనూ సుమారు అంతే. అంటే తెర మీద కనిపించిన ఆ పేరు అక్కదా, పిన్నిదా అన్నది అంకె ఒక్కటే చెప్పదు. వయసు చూసి ఊహించాలి, ఊహ తప్పొచ్చు. పైన అడిగిన తప్పుదారి ఇదిగో. ఇలాంటి పరీక్షలు అమ్మే సంస్థలు సాధారణంగా 18 ఏళ్లు నిండినవారికే సొంత ఖాతా ఇస్తాయి. మీ పదహారేళ్ల పిల్ల పెద్దల్లో ఎవరి సాయమో తీసుకోవాలి, లేదా అబద్ధం చెప్పాలి.

గర్భవతి అయిన అమ్మాయి కథలో కాన్పును 65–70 శాతం దగ్గర ఉంచండి. మిగిలిన తొమ్మిది పది అధ్యాయాలు కాన్పు తరవాతివి కావాలి.

## 7. కలిసే సన్నివేశం

రాసే ముందు ఈ అయిదూ తేలాలి:

- చోటు ఎవరు ఎంచుకున్నారు? (పిల్లే ఎంచుకుంటే మంచిది)
- ఎంతసేపు? ఒక గడువు పెట్టండి, ఉదాహరణకు నలభై నిమిషాలు.
- బయట ఎవరు ఎదురుచూస్తున్నారు?
- బల్ల మీద ఏ వస్తువు ఉంది?
- ఇద్దరూ అడగకూడదనుకుని వచ్చిన ప్రశ్న ఏది?

నమూనా:

"దారి తెలిసిందా?"

"తెలిసింది."

"ఒక్కదానివేనా వచ్చింది?"

"బయట అమ్మ ఉంది."

అన్నాక కానీ ఆ మాట ఏమిటో నీరజకు వినిపించలేదు. ఆవిడ బల్ల మీది గ్లాసు వైపు చూస్తోంది.

"మంచినీళ్లు కావాలా?" అంది నీరజ. దాహం తనకే వేస్తోంది. గ్లాసును అటు జరిపింది.

ఇందులో కన్నతల్లి మొదటి వాక్యంలో తప్పించుకుంది, రెండో వాక్యంలో తెలియకుండానే "నువ్వు"లోకి జారింది. నీరజ ఎటూ తేల్చలేదు. "మా అమ్మ" అనలేదు, "అమ్మ" అంది. ఆ ఒక్క మాటకు బల్లకు అటూ ఇటూ రెండు అర్థాలు. కన్నీళ్లు లేవు, పోలికల వర్ణన లేదు. పోలిక కావాలంటే ఒక్కటి చాలు, అదీ ముఖంలో వద్దు: ఇద్దరూ కుర్చీ అంచునే కూర్చోవడం లాంటిది.

## 8. తరచూ దొర్లే పొరపాట్లు, దిద్దుబాట్లు

రుణపడి ఉండాలన్న పాఠం. "నిన్ను తెచ్చుకుని పెంచారు, కృతజ్ఞత లేదా" అన్న మాట పాత్ర అనొచ్చు. కథ అనకూడదు. ఆ మాట వచ్చిన చోట పిల్ల నోరు మూసుకుపోయే తీరు చూపించండి.

వెతకడమంటే పెంచిన అమ్మ మీద ప్రేమ లేకపోవడం. రెండూ కలిసి ఉంటాయి. వెతుకుతున్న రోజునే అమ్మకు జ్వరమొస్తే కంగారుపడే సన్నివేశం ఒకటి పెట్టండి.

మూలుగ దానం. పిల్లకు రక్త క్యాన్సర్, కన్నతల్లి వచ్చి కాపాడటం. తల్లీబిడ్డల కణజాలం సాధారణంగా సగమే కలుస్తుంది. పూర్తిగా కలిసే అవకాశం సొంత తోబుట్టువులతో, అదీ ఒక్కొక్కరితో 25 శాతం. సగం జోడీతో మార్పిడి నేడు చేస్తున్నారు కానీ "కన్నతల్లి మాత్రమే కాపాడగలదు" అన్నది నిలవదు. వైద్య చరిత్రే కావాలంటే చిన్నది వాడండి: ఆసుపత్రి ఫారంలో "కుటుంబంలో ఎవరికైనా" అన్న గడిని ప్రతిసారీ ఖాళీగా వదలడం.

పెంచిన అమ్మను చంపి దారి తెరవడం. ఆమె బతికుండగా వెతకడమే కష్టం, కాబట్టి అదే కథ.

దత్తత తీసుకోగానే కడుపు పండటం. దత్తత బిడ్డను శకునంగా మార్చేస్తుంది. తీసేయండి.

కన్నతల్లి: దేవత లేదా పతిత. ఆమెకు ఒక ఉద్యోగం, ఒక చిరాకు, ఒక అలవాటు ఇవ్వండి. ఆమెకు ఇప్పుడున్న పిల్లలకు ఈ సంగతి తెలుసో లేదో పట్టికలో చూసుకోండి.

రక్తం చెప్పేస్తుంది. సంగీతం వచ్చిన పిల్లకు కన్నతల్లి గాయని అని తేలడం. ఒక పోలిక కలిపితే, ఆశపడి కూడా కలవని రెండు చూపించండి.

అమెరికా పరిశోధకురాలు పాలీన్ బాస్ చెప్పిన "అస్పష్టమైన నష్టం" గురించి కౌన్సెలర్ చేత ఉపన్యాసం ఇప్పించడం. చనిపోలేదు, పక్కనా లేరు. అలాంటి వాళ్ల కోసం ఎలా ఏడవాలో తెలియకపోవడం. భావన మీకు తెలిసి ఉంటే చాలు. పుట్టినరోజు నాడు పిల్లకు కారణం లేకుండా కడుపునొప్పి రావడంలో అది కనబడుతుంది.

## 9. సవరణ, చదివించడం

మొదటి సవరణలో తేదీలు మాత్రమే చూడండి. రెండో సవరణలో సంబోధనలు: ప్రతి "అమ్మ", "ఆవిడ", "నువ్వు", "మీరు" మీద రంగు పెన్సిలు పెట్టండి. ఎక్కడ మారాయో, ఎందుకు మారాయో మీకు తెలియాలి. మూడో సవరణలో ప్రతి అధ్యాయంలో నిర్ణయం ఎవరిదో అంచున రాయండి. వరసగా మూడు అధ్యాయాల్లో పెద్దవాళ్ల పేరే వస్తే ఆ భాగం మళ్లీ రాయాలి.

ఆ తరవాత బయటివారికి. కనీసం నలుగురు: దత్తత పెరిగి ఇప్పుడు పెద్దవారైన ఒకరు, బిడ్డను దత్తత ఇచ్చిన ఒకరు, దత్తత తీసుకున్న ఒకరు, పదిహేనేళ్ల పాఠకులు ఒకరు. రెండో ప్రతి దగ్గరే ఇవ్వండి. అయిదో ప్రతికి వచ్చాక మార్చే ఓపిక ఎవరికీ మిగలదు. వారి సమయానికి డబ్బు ఇవ్వండి. "బాగుందా" అని అడగకండి. ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించింది, ఏ మాట తప్పుగా వినిపించింది, ఎవరి మీద అన్యాయం జరిగింది అని అడగండి.

తెలిసిన కుటుంబం కథను ఆధారం చేసుకుంటే పేర్లు మార్చితే సరిపోదు. దత్తత వచ్చిన పిల్లలకు తమ కథ మీద మొదటి హక్కు ఉంది. వాళ్లకింకా తెలియని నిజం మీ నవలలో కనిపించకూడదు. వయసు, వరుస, దత్తత రకం, బయటపడిన తీరు, నాలుగింటిలో మూడు మారాలి.

ప్రచురణకర్తకు పంపే ముందు:

- సమ్మతి, గడువు, వయసు నియమాలు కథ నడిచే దేశానికి, సంవత్సరానికి సరిపోతున్నాయా?
- గర్భం వారాలు, బిడ్డ ఎదుగుదల క్యాలెండరుతో పోల్చి చూశారా?
- ఆత్మహత్య ఆలోచనలు ఉంటే విధానం వివరించకుండా రాశారా? సాయం అడిగే దారి కథలో కనిపిస్తోందా?
- ఆన్‌లైన్లో పరిచయమైన మనిషిని పిల్ల కలవడానికి వెళ్తే, ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లిందా? చెప్పకపోతే ఆ ప్రమాదం పేజీ మీద ఉందా?
- పట్టికలో మారిన ప్రతి గడికీ ఒక సన్నివేశం ఉందా?
- కలయిక తరవాత కనీసం ఏడు అధ్యాయాలున్నాయా?
- చదివిపెట్టినవారు అభ్యంతరం చెప్పిన పేజీలను మార్చాక, ఆ పేజీలను మళ్లీ వారికే చూపించారా?